బండిలో ఇంటి కరెంటు

ఇన్వర్టర్ కరెంటును పుట్టించదు. బ్యాటరీలో ఉన్న 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును, అంటే డీసీని, ఇళ్లలో వాడే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా, అంటే ఏసీగా మార్చి ఇస్తుంది. మార్చినందుకు పదో వంతో, అంతకంటే కాస్త ఎక్కువో తాను తినేస్తుంది. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో కమిషన్ ఏజెంటు పత్తి పండించడు; రైతు తెచ్చిన సరుకును కొనేవాడి చేతికి చేర్చి తన కమిషన్ పట్టుకుంటాడు. ఇన్వర్టర్ పనీ అంతే. సరుకు లేని రోజున ఏజెంటు ఎంత సమర్థుడైనా చేయగలిగిందేమీ ఉండదు. బండిలో ఇన్వర్టర్ బిగించుకునేవాళ్లు చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. వెయ్యి వాట్లా, రెండు వేల వాట్లా అని దుకాణంలో బేరం సాగుతుంది గానీ ఆ వాట్లు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న బండి కదిలాక, మొదటి రాత్రి ఫ్యాన్ ఆగినప్పుడు గుర్తొస్తుంది.

ఈ మరపుకు ఒక కారణం ఉంది. ఇంటి ఇన్వర్టర్ కోతల కాలంలో నేర్పిన అలవాటు అది. 2012–13 ప్రాంతంలో పల్లెల్లోనూ పట్నాల్లోనూ గంటల తరబడి కరెంటు పోతున్నప్పుడు ఇన్వర్టర్ మధ్యతరగతి ఇంటి సామానులో చేరిపోయింది. కోత ఎంతసేపున్నా చివరికి కరెంటు వస్తుంది, బ్యాటరీ మళ్లీ నిండుతుంది. ఎవరూ లెక్క వేసుకోనక్కర్లేదు. బండి సంగతి వేరు. అక్కడ కోత అనేదే లేదు, ఎందుకంటే లైను అనేదే లేదు.

పూర్తిగా ఇల్లుగా కట్టిన మోటార్ కారవాన్లు పడమటి కర్నూలు జిల్లాలో అరుదు. రెండు మూడు రోజుల పాటు ఇల్లయ్యే బండ్లకు మాత్రం కొదువ లేదు. శ్రావణమాసంలో కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి ట్రాక్టర్లలో, లారీల్లో, బొలేరోల్లో కుటుంబాలకు కుటుంబాలే వంట సామానుతో దిగుతాయి. అదే నెలలో మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి టెంపో ట్రావెలర్లు శ్రీశైలానికీ తిరుపతికీ బయలుదేరుతూనే ఉంటాయి. పత్తి లారీ డ్రైవరుకైతే ఏడాదంతా క్యాబినే పడకగది. తెలుగునాట అన్నిటికన్నా పేరు పడ్డ ఇల్లుబండి మాత్రం యాత్రల కోసం పుట్టలేదు. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యాన్‌ను మార్పించి చైతన్య రథం చేయించుకున్నారు. 1983 జనవరి ఎన్నికల దాకా ఉపన్యాసం దాని మీద నుంచి, నిద్ర దాని లోపల. ఆయన కొడుకు హరికృష్ణ నడిపేవారు.

ప్రచార బండ్ల గురించి చెప్పుకున్నాం కాబట్టి ఇన్వర్టర్ అసలు కావాలా అన్న ప్రశ్న అక్కడే తేల్చుకోవచ్చు. ఎన్నికలప్పుడూ జాతరలప్పుడూ వీధుల్లో తిరిగే మైకు ఆటోను గమనిస్తే సీటు కింద 12 వోల్టుల బ్యాటరీ, దాని నుంచి నేరుగా ఆంప్లిఫైయర్‌కు రెండు వైర్లు, పైన హారన్ కనిపిస్తాయి. మధ్యలో ఇన్వర్టర్ ఉండదు. ఆహూజా లాంటి మైకు సెట్ల వెనక 230 వోల్టుల ప్లగ్గుతో పాటు 12 వోల్టుల టెర్మినళ్లు కూడా ఉంటాయి. మైకు సెట్టువాడు దశాబ్దాల కిందటే తేల్చుకున్న లెక్కను ఇప్పుడు లక్షలు పోసి బండి చేయించుకునేవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు.

ఫోన్ చార్జింగ్ దీనికి మంచి ఉదాహరణ. ఇన్వర్టర్ 12 వోల్టుల డీసీని ఎక్కించి 230 వోల్టుల ఏసీ చేస్తుంది. దానికి గుచ్చిన చార్జర్ ఆ ఏసీని మళ్లీ డీసీగా మార్చి 5 వోల్టులకో 9 వోల్టులకో దించుతుంది. అంటే ఒకసారి కొండ ఎక్కించి మళ్లీ దించడం, రెండు చోట్లా కమిషన్. డ్యాష్‌బోర్డులోని 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్ అదే పనిని ఒక్క మెట్టులో ముగిస్తుంది. ఎల్ఈడీ దీపాలు, నీటి పంపు, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్ అన్నీ 12 వోల్టుల్లో దొరుకుతాయి; లారీలకు 24 వోల్టుల ఫ్యాన్లు ఉన్నాయి. ఇవన్నీ నేరుగా బ్యాటరీ మీద పెట్టుకుంటే ఇన్వర్టర్‌కు మిగిలేవి మిక్సీ, ల్యాప్‌టాప్, నెబ్యులైజర్, ఇంకో రెండు మూడు. 230 వోల్టులనేది ఇంటి అలవాటు. బండికి దాని అవసరం అనుకున్నంత లేదు.

ఆ మిగిలిన వాటి లెక్క రెండు అంకెల్లో వేయాలి. ఒక్క క్షణంలో ఎంత లాగుతుందో వాట్లు చెబుతాయి. మొత్తం మీద ఎంత ఖర్చయిందో వాట్-గంటలు చెబుతాయి. పొద్దున్నే ఉగ్గానికి పప్పుల పొడి కొట్టాలి. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 62 వాట్-గంటలే, ఒక ఫ్యాన్ రెండు గంటలు తిరిగినంత. ఖర్చు చిన్నది, గుంజుడు పెద్దది. మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే రెండు మూడు రెట్లు లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ ఆ తోపును తట్టుకోవాలి. 1500 వాట్ల నీళ్ల కెటిల్ కూడా ఇదే తరహా, ఇంకాస్త మొండిది. రాత్రి ఫ్యాన్ దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. 30 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 480 వాట్-గంటలు. లాగుడు కనిపించదు, తెల్లారేసరికి బ్యాటరీ సగం ఖాళీ. దీపాలూ ఫోన్లూ కలిపితే ఒక కుటుంబానికి ఒక రాత్రి ఆరు వందల వాట్-గంటలు. ఇన్వర్టర్ ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉండడానికే పది నుంచి ఇరవై వాట్లు తాగుతుందని చాలామందికి తెలియదు. 15 వాట్ల చొప్పున రోజంతా మరిచిపోతే 360 వాట్-గంటలు గాలికి పోయినట్టే. అందుకే దాని స్విచ్చి చేతికి అందే చోట ఉండాలి, సీటు కింద కాదు.

ఇక ఎయిర్ కండిషనర్. ఒక టన్ను యంత్రం సుమారు వెయ్యి వాట్లు లాగుతుంది. ఆగుతూ తిరుగుతూ రాత్రంతా నడిస్తే నాలుగైదు యూనిట్లు, అంటే నాలుగైదు వేల వాట్-గంటలు కావాలి. ఇళ్లలో వాడే 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ నుంచి నిజంగా వాడుకోదగ్గది ఒక యూనిట్ కూడా ఉండదు. ఎండాకాలంలో ఆదోనిలో పగలు 42 డిగ్రీలు దాటినప్పుడు చల్లగాలి మీద మనసు పోవడం సహజమే గానీ బ్యాటరీల బరువు, ఖర్చు తడిసి మోపెడవుతాయి. 2025 జూన్ 8 నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబిన్లలో ఏసీ యంత్రం తప్పనిసరి అని కేంద్రం నిబంధన పెట్టింది. అది ఇంజను తిరుగుతున్నంతసేపు ఇచ్చే చల్లదనం. మార్కెట్ యార్డు బయట లారీ ఆపి పడుకున్న డ్రైవరుకు మళ్లీ 24 వోల్టుల ఫ్యానే దిక్కు.

వైరు దగ్గర జరిగే పొరపాటు అన్నిటికన్నా ఖరీదైనది. ఇంట్లో వెయ్యి వాట్లంటే నాలుగు ఆంపియర్ల పైచిలుకు, సన్నటి వైరు చాలు. అదే వెయ్యి వాట్లు 12 వోల్టుల వైపు నుంచి రావాలంటే, ఇన్వర్టర్ కమిషన్‌తో కలిపి 95 ఆంపియర్లు పారాలి. బ్యాటరీ బానెట్ కింద, ఇన్వర్టర్ వెనక సీటు దగ్గర అనుకుందాం. మధ్య నాలుగు మీటర్లు, రానూ పోనూ ఎనిమిది. ఇంటి వైరింగులో మిగిలిన 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దాని నిరోధం ఒక ఓములో నలభయ్యో వంతుకు కాస్త తక్కువ. వినడానికి ఏమీ కాదు. 95 ఆంపియర్లు పారితే మాత్రం దారిలోనే 2.2 వోల్టులు పోతాయి. 12.4తో బయలుదేరింది 10.2తో చేరుతుంది. 10.5 దగ్గరే బ్యాటరీ ఖాళీ అయిందని ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. బ్యాటరీ నిండుగానే ఉంటుంది. ఆ పోయిన వోల్టులు రెండు వందల వాట్ల వేడిగా మారి వైరు తొడుగును కరిగించే పనిలో ఉంటాయి. ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కకు, మీటరు దూరంలోకి జరిపి 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే పోయేది ఒక వోల్టులో పదో వంతు. లావు వైరు పొట్టిగా, సన్న వైరు పొడుగ్గా ఉండాలన్నది ఇందులోంచి వచ్చే సూత్రం. దూరం పోవాల్సింది 230 వోల్టుల వైపే. కేబుల్ చివర లగ్గులను సుత్తితో కొట్టి బిగించే పద్ధతి ఇంకా కనిపిస్తుంది. క్రింపింగ్ టూలుతో నొక్కిన లగ్గుకూ దానికీ తేడా పది నిమిషాలు లోడు పెట్టి చెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది.

బ్యాటరీ ఎంపికలో మొదటి నియమం, ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని దీనికి వాడకూడదు. దాని పలకలు పల్చగా ఉంటాయి. రెండు సెకన్లు వందల ఆంపియర్లు ఇచ్చి వెంటనే నిండడానికే దాన్ని చేశారు. రోజూ సగానికి దించితే నెలల్లోనే పోతుంది. పైగా తెల్లవారి బండి స్టార్టు కాదు. ట్యూబులర్ బ్యాటరీ లోతుగా వాడుకోవడానికి పనికొస్తుంది గానీ 150 ఆంపియర్-అవర్ అన్న అంకె ఇరవై గంటల పాటు ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తీసుకుంటేనే నిజం. 95 ఆంపియర్లు గుంజితే అందులో సగం వరకే చేతికొస్తుంది. అరవై కిలోల దాకా బరువు, కుదుపుకు చిందే ఆమ్లం, చార్జింగులో వచ్చే హైడ్రోజన్ వాయువు, డిస్టిల్ వాటర్ పోసే పని ఉండనే ఉన్నాయి. ఇంటి మూలలో కదలకుండా కూర్చోవడానికి చేసిన వస్తువు అది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదెక్కువైనా బండికి అదే తగినది. వంద ఆంపియర్-అవర్లది పది పన్నెండు కిలోలు, 1280 వాట్-గంటల్లో పదింట ఎనిమిది వంతులకు పైగా వాడుకోవచ్చు, లాగుడు ఎక్కువైనా అంకె పెద్దగా కుంగదు.

ఖర్చు చేసింది మళ్లీ నిండాలి. ఇక్కడే ఇంటి ఇన్వర్టర్‌ను తెచ్చి బండిలో పెట్టేవాళ్లు దెబ్బతింటారు. దాని లోపలి చార్జర్‌కు 230 వోల్టుల కరెంటు కావాలి. ఇంజను మీది ఆల్టర్నేటర్ ఎంత తిరిగినా దానికి చుక్క అందదు. లాడ్జిలో ప్లగ్గు దొరికేదాకా ఆ బ్యాటరీ ఉపవాసమే. కొందరు రెండో బ్యాటరీని మొదటిదానికి నేరుగా కలిపేస్తారు. అప్పుడు రెండూ కలిసి ఖాళీ అవుతాయి. లిథియం అయితే ఆల్టర్నేటర్ నుంచి అందినంతా గుంజి దాన్ని వేడెక్కించి కాల్చే ప్రమాదం కూడా ఉంది. సరైన దారి మధ్యలో డీసీ-డీసీ చార్జర్ పెట్టడం. ఇంజను తిరుగుతున్నప్పుడే తెరుచుకుని, పరిమితిలో, 30 లేదా 40 ఆంపియర్ల చొప్పున ఇస్తుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ గంట పైచిలుకు ప్రయాణంలో 40 ఆంపియర్ల చార్జర్ ఐదు వందల వాట్-గంటల పైన నింపుతుంది, ముందు రాత్రి ఖర్చులో సింహభాగం.

లారీల్లో ఇంకో పాత అలవాటు ఉంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 చేస్తారు కదా, 12 వోల్టుల టేప్ రికార్డరుకో చిన్న ఇన్వర్టర్‌కో మధ్య నుంచి ఒక వైరు లాగుతారు. లాగిన బ్యాటరీ రోజూ కుంగుతుంది. రెండింటికీ చార్జింగ్ ఒకే వరసలో రావడం వల్ల కుంగనిది పొంగి పొంగి ఎండిపోతుంది. కొన్నాళ్లకు రెండూ పోతాయి, నింద బ్యాటరీ కంపెనీ మీద పడుతుంది. 24 వోల్టుల ఇన్వర్టరే కొనుక్కుంటే ఈ గొడవ లేదు, ఆంపియర్లు కూడా సగమవుతాయి.

ఎండ ఈ సీమకు కావాల్సినంత ఉంది. ఓర్వకల్లు దగ్గర 2017లో నడకలోకి వచ్చిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో జరిగేది కూడా పలకల డీసీని ఏసీగా మార్చడమే, కొలత ఒక్కటే వేరు. టెంపో ట్రావెలర్ పైన 400 వాట్ల పలకలు పరిచి పడుకోబెడితే నష్టాలన్నీ పోను రోజుకు యూనిట్, యూనిట్‌న్నర వస్తుంది. రాత్రి ఫ్యాన్లకు ఇది చాలు. బండిని చెట్టు నీడలో ఆపితే మాత్రం లేదు. మనిషికి నీడ కావాలి, పలకకు ఎండ కావాలి. ఉరుకుంద లాంటి చోట బండి ఎక్కడ ఆపాలన్న తగువు ఇంట్లోనే మొదలవుతుంది.

చవక ఇన్వర్టర్లు ఇచ్చే అల సాఫీగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. దీపాలకూ చార్జర్లకూ ఫర్వాలేదు. ఫ్యాన్ గుర్రుమంటుంది, మిక్సీ మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. వైద్య పరికరాలను దాని మీద పెట్టకపోవడం మంచిది. ప్యూర్ సైన్ వేవ్ రకం కొంచెం ఖరీదైనా దానికి బదులు వెతకనక్కర్లేదు.

ప్రమాదాలు రెండు వైపులా రెండు రకాలు. 12 వోల్టులు ముట్టుకుంటే షాకు కొట్టదు. ఆ ధీమాతోనే నిప్పు పుడుతుంది. బిగించే స్పానర్ రెండు టెర్మినళ్ల మీద పడితే వందల ఆంపియర్లు దాని గుండా పారి ఇనుము ఎర్రబడుతుంది. అందుకే బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది ఇన్వర్టర్‌ను అనుకుంటారు, నిజానికి వైరును. ఇంటి మెయిన్ బోర్డులోని ఎంసీబీని తెచ్చి అక్కడ పెట్టడం తప్పు. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి ఎంసీబీ తెరుచుకుంటే మెరుపు దానంతటది ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, మెరుపు సాగుతూనే ఉంటుంది. రెండో వైపు 230 వోల్టులు, అవి ఇంట్లో ఎలా చంపుతాయో బండిలోనూ అలాగే. పైగా బండికి భూమి లేదు, రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఇన్వర్టర్ ఎర్త్ బోల్టును ఛాసిస్‌కు కలపాలి. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపవచ్చా లేదా అన్నది ఆ మోడల్ పుస్తకంలో చూసి చేయాల్సిన పని. ఎర్త్‌తో సంబంధం లేకుండా న్యూట్రల్ తేలుతూ ఉంటే, లీకేజీని పట్టి కరెంటు కోసే ఆర్‌సీసీబీ పెట్టినా లీకేజీ జరిగినప్పుడు అది పడదు.

మంత్రాలయంలో గది తీసుకుని కిటికీలోంచి బండికి వైరు లాగినప్పుడు మరో జాగ్రత్త కావాలి. బయటి కరెంటూ ఇన్వర్టర్ కరెంటూ ఒకే సాకెట్లకు ఒకేసారి చేరకూడదు. రెండు అలలు కలవక ఢీకొంటే ముందు పోయేది ఇన్వర్టరే; ప్లగ్గు పీకినా దాని పిన్నుల మీద 230 వోల్టులు నిలిచి ఉండే ప్రమాదం మనుషులకు. ఇటో అటో ఒక్కటే పట్టుకునే చేంజోవర్ స్విచ్చి దీనికి చాలు.

ఇన్వర్టర్‌ను ఎక్కడ బిగించాలన్న దానికి వాతావరణం సగం జవాబు చెబుతుంది. ఎండలో తలుపులు మూసి ఆపిన బండి లోపల అరవై డిగ్రీలు దాటడం మామూలే. వేడెక్కేకొద్దీ ఇన్వర్టర్ తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. సీసపు బ్యాటరీకి ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇన్వర్టర్‌ను పరుపుల కింద, బట్టల సంచుల మధ్య కుక్కితే దాని చిన్న ఫ్యాన్ పీల్చడానికి గాలి ఉండదు. నల్లరేగడి దుమ్ము, పత్తి రోజుల్లో దూది నూగు జాలీకి పట్టేస్తాయి. బ్రష్షుతో దులపడం నూనె మార్చినంత క్రమంగా జరగాలి. గ్యాసు సిలిండర్ ఉన్న అరలో మాత్రం నిప్పురవ్వ పుట్టించగల ఇన్వర్టర్ గానీ రిలే గానీ ఉండకూడదు. లీకైన వంట గ్యాసు గాలికన్నా బరువు, కింద నిలుస్తుంది. కాబట్టి సిలిండర్ అరకు అడుగున గాలి దారి విడిగా వదలాలి.

చట్టం సంగతి చాలామంది చివర్లో అడుగుతారు, నిజానికి మొదట అడగాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు పీకి మంచాలు, పొయ్యి బిగిస్తే ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్యే తప్పవుతుంది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే వేరే ప్రమాణం ఉంది. కొత్తగా కట్టించుకునేవాళ్లు ఆ ప్రకారం చేసే చోటే కట్టించుకోవాలి. 2021లో కేరళ కారవాన్ యాత్రల కోసం కేరవాన్ పథకం తెచ్చాక ఈ రకం బండ్ల మీద దక్షిణాదిలో ఆసక్తి పెరిగింది. బండి వైరింగును కోసి ముడి వేస్తే, తర్వాత నిప్పంటుకున్నప్పుడు బీమా సర్వేయరు మొదట చూసేది ఆ ముడినే. ఏడాదికి రెండు మూడు యాత్రలు చేసే కుటుంబానికి ఈ తతంగమంతా అక్కర్లేదు. బ్యాటరీ, ఇన్వర్టర్, చార్జర్ ఒకే పెట్టెలో ఉండే పోర్టబుల్ పవర్ స్టేషన్ ఒకటి కొనుక్కుని సీట్ల మధ్య పట్టీతో బిగిస్తే సరిపోతుంది. దిగేటప్పుడు దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

బిగింపు పూర్తయ్యాక పరీక్ష బండి ఆగి ఉన్నప్పుడే చేయాలి. ముందు దీపాలు, తర్వాత ఫ్యాన్లు, చివర మిక్సీ. ప్రతి మెట్టులోనూ బ్యాటరీ దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి మల్టీమీటరుతో వోల్టులు చూడాలి. రెండింటికీ తేడా అర వోల్టు మించితే వైరో లగ్గో తేడాగా ఉన్నట్టు. తొలి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మరోసారి బిగించాలి, రోడ్డు కుదుపులకు మొదట వదులయ్యేవి అవే.